బోర్జియాల మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. చెయ్యి బాగా తిరిగింది, వేగం ఉంది. కానీ ముప్ఫయ్యో పేజీకే నలుగురికి విషం పెట్టించావు. ఉంగరంలో విషం, ద్రాక్షసారాయిలో విషం. బోర్జియాలంటే, అదే పోప్ ఆరవ అలెగ్జాండర్ కుటుంబమంటే, ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే, ఒప్పుకుంటాను. అయితే ఆ విషాల్లో చాలావాటికి ఆధారం లేదు. 1503 ఆగస్టులో పోప్ ఆరవ అలెగ్జాండర్ పోయినప్పుడు శవం నల్లబడి ఉబ్బిపోయింది. రోమ్ జనం విషమే అన్నారు. ఆ ఆగస్టులో ఊరంతా జ్వరాలు. ఆ ఎండల్లో శవం ఉబ్బడానికి విషమే కావాలా?

ఏ కథ తీసుకున్నా అది మొదట ఎవరి నోట వచ్చిందో, అప్పుడు ఆ మనిషి పరిస్థితి ఏమిటో చూసుకుని రాయి. పోప్ కూతురు లుక్రెజియాకి తండ్రితో సంబంధం అంటగట్టావు కదా, అది ఎక్కడ పుట్టింది? ఆమె మొదటి భర్త జొవాన్ని స్ఫోర్జా దగ్గర. పోప్‌కి మిలాన్ ఏలే స్ఫోర్జాల పొత్తుతో పని తీరిపోయింది, పెళ్ళి రద్దు చేయించాలి. అందుకని 1497లో అతను కాపురానికి పనికిరాడని అతని చేతే సంతకం పెట్టించారు. అతని మొదటి భార్య పురిట్లో పోయిందని అందరికీ తెలుసు, అయినా పెట్టించారు. ఆ గొడవ నడుస్తుండగా, కూతుర్ని తండ్రి తనకోసమే లాక్కుంటున్నాడని అతను అన్నాడు. అయిదొందల ఏళ్ళుగా తిరుగుతున్నది ఆ మాటే. నీ నవలకి ఆ పుకారు కంటే ఆ సంతకం పెట్టిన గది ఎక్కువ పనికొస్తుంది.

పోప్ కొడుకు హువాన్ హత్యని నువ్వు రెండు పేరాల్లో ముగించావు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే. 1497 జూన్ 14 రాత్రి, తల్లి వన్నొజ్జా ద్రాక్షతోటలో భోజనం చేసి బయల్దేరిన పోప్ కొడుకు ఇల్లు చేరలేదు. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున కలప కాపలా కాస్తున్న ఒకడు, తెల్ల గుర్రం మీద శవాన్ని అడ్డంగా వేసుకొచ్చి నదిలో పడేయడం చూశాడు. వెంటనే ఎందుకు చెప్పలేదని అడిగితే, అక్కడ వంద శవాల దాకా పడేయడం చూశాననీ, ఇన్నాళ్ళూ ఏ ఒక్కదాని గురించీ ఎవరూ అడగలేదనీ అన్నాడు. నదిలో వెతికి తీస్తే ఒంటి మీద తొమ్మిది గాయాలు, సంచిలో 30 బంగారు డ్యూకట్లు అలాగే ఉన్నాయి. దొంగల పని కాదన్నమాట. చంపించింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు. నువ్వేమో అన్న చెజారే చంపాడని తేల్చేశావు. ఆ పేరు పైకి వచ్చింది నెలల తర్వాత. నీ కథలో కూడా నెలల తర్వాతే రానీ.

ఇవన్నీ మనకి తెలియడానికి ఒక కారణం యోహాన్ బుర్ఖార్డ్, పోప్ కొలువులో వేడుకలు చూసే అధికారి. ఎవరు ఏ వరసలో కూర్చున్నారు, ఎవరు ఏం తొడుక్కున్నారు అని డైరీ రాసుకున్న మనిషి. 1501లో యాభై మంది వేశ్యలతో జరిగిన విందు సంగతీ అతను రాసిందే. నేనైతే దాన్ని సగమే నమ్ముతాను. నువ్వు ఆ డైరీ అంతా చదువు, విందు పేజీ ఒక్కటే కాదు. విసుగు పుట్టించే పేజీల్లోనే నీకు కావలసిన రోమ్ ఉంది.

అలాగని వాళ్ళని కడిగి దేవుళ్ళని చెయ్యమనడం లేదు. 1500లో లుక్రెజియా రెండో భర్త అల్ఫోన్సోని సెయింట్ పీటర్స్ మెట్ల మీద పొడిచారు. బతికాడు. ఆమె దగ్గరుండి సేవ చేసింది. నెల దాటిన కొద్ది రోజులకే చెజారే మనిషి వచ్చి మంచం మీదే చంపాడు. 1502 చివరి రోజున సినిగాలియాలో తన మీద కుట్ర పన్నిన సేనాపతుల్ని రాజీకని పిలిచి పట్టేశాడు చెజారే, ఇద్దర్ని ఆ రాత్రే గొంతు నులిమించాడు. ఫ్లోరెన్స్ దూతగా మాకియవెల్లీ ఆ రోజుల్లో అతని వెంటే ఉన్నాడు. ఇంత నిజం చేతిలో ఉంటే కల్పించిన విషం ఎందుకు?

పోప్‌కి పిల్లలుండటం అప్పటికి వింత కాదు. ముందు పోప్ ఎనిమిదవ ఇన్నొసెంట్ తన కొడుక్కి మెదీచీ పిల్లని చేశాడు. బోర్జియాలని తిట్టిపోసిన రెండవ జూలియస్‌కీ కూతురుంది. కానీ వీళ్ళు స్పెయిన్‌లో వలెన్సియా నుంచి వచ్చినవాళ్ళు, ఇటలీ దొరల కళ్ళకి పరాయివాళ్ళు. పైగా వాళ్ళు పడిపోయాక కలం శత్రువుల చేతికి పోయింది. ఇది నువ్వు వ్యాసంలా చెప్పొద్దు, పాత్రల మాటల్లో తగలనీ.

ఇక ఉత్తర ఇటలీలోని ఫెరారా. 1502లో మూడో పెళ్ళితో అక్కడికి వెళ్ళిన లుక్రెజియా 1519లో, 39 ఏళ్ళకి, కాన్పు తర్వాత పోయింది. మధ్యలో పదిహేడేళ్ళు. భర్త యుద్ధాల్లో ఉంటే అర్జీలు విన్నది, పాలన చూసింది, బురద నేలలు కొని బాగు చేయించింది. నీ ప్రణాళికలో ఆ పదిహేడేళ్ళకీ ఒక్క పేజీ ఇచ్చావు! కనీసం మూడో వంతు నవల అక్కడే నడవాలి. అది రాసి పంపు, విషం అధ్యాయాల సంగతి తర్వాత మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు