టెక్ సందేహాలు: 800 కనెక్షన్లు ఉన్నాయి, ఒక్కరూ పలకడం లేదు

ఈ వారం వచ్చిన సందేహాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఉద్యోగం కోసం, పని కోసం ఆన్‌లైన్‌లో, ముఖ్యంగా లింక్డిన్ అనే ఉద్యోగ పరిచయాల సైట్‌లో, పరిచయాలు పెంచుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. ఫోన్ బ్యాటరీలు, ప్రింటర్ల ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి, ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను.

కాకినాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. లింక్డిన్‌లో 800 మంది కనెక్షన్లు ఉన్నారు. రోజూ పది మందికి ‘రిఫరల్ ఇవ్వండి సర్’ అని మెసేజ్ పెడుతున్నా. చూసి వదిలేస్తున్నారు. ప్రీమియం తీసుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

ప్రీమియం ఇప్పుడు వద్దు. ఆ డబ్బు మీ ప్రాజెక్టుకు పెట్టుకోండి.

మీ మెసేజ్ అందుకున్న మనిషి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. రిఫరల్ ఇవ్వడమంటే తన కంపెనీలో మీ గురించి తన పేరు పెట్టి చెప్పడం. మీరు ఎలా పనిచేస్తారో ఆయనకు తెలియదు. మీ ప్రొఫైల్ తెరిస్తే పేరు కింద ‘స్టూడెంట్’ అని, కాలేజీ పేరు మాత్రమే ఉంది. ఇక ఏం చూసి చెబుతారు? పేరు కింద ఉండే ఆ ఒక్క వరుసను హెడ్‌లైన్ అంటారు. 220 అక్షరాల వరకు రాసుకోవచ్చు. మీరు పంపిన వివరాల్లో చేపల చెరువు నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే పరికరం తయారుచేశానని రాశారు. గోదావరి జిల్లాల్లో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే రైతుకు ఎంత నష్టమో అక్కడి వాళ్లందరికీ తెలుసు. ఇంత మంచి పనిని ప్రొఫైల్‌లో ఎక్కడా చెప్పలేదు! హెడ్‌లైన్‌లో అదే పెట్టండి: ‘ఈసీఈ ఫైనల్ ఇయర్, ఎంబెడెడ్ సి, చేపల చెరువులకు ఆక్సిజన్ మీటర్ తయారుచేశాను’. కోడ్‌ను అందరూ చూసేలా ఉంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, అక్కడ వివరాలు రాసే రీడ్‌మీ ఫైల్‌లో పరికరం ఫొటోలు, సర్క్యూట్ బొమ్మ, చెరువు గట్టు మీద పరీక్షించిన చిన్న వీడియో లింకు చేర్చండి. ఆ లింకు లింక్డిన్ ‘ఫీచర్డ్’ విభాగంలో ఉండాలి.

తర్వాత మనుషులను వెతకాలి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీకి వెళితే ‘అల్యూమ్నై’ అనే ట్యాబ్ కనిపిస్తుంది. అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో వేరు చేసి చూపిస్తుంది. చదివిన సంవత్సరాలతోనూ వడపోయవచ్చు. ఇంత ఉపయోగపడే సదుపాయం ఉచితంగా ఉన్నా విద్యార్థుల్లో చాలామందికి దీని సంగతే తెలియదు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఎంబెడెడ్ పని, అంటే పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే పని, చేస్తున్న మీ కాలేజీ సీనియర్లను ఓ పదిహేను మందిని ఎంచుకోండి. ఎనిమిది వందల మంది అక్కర్లేదు.

వాళ్లకు ఏం రాయాలి? ఉద్యోగం అడగకండి, రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి అడగండి. ఇలా రాయవచ్చు:

‘నమస్తే సర్. నేను మీ కాలేజీలోనే ఈసీఈ ఫైనల్ ఇయర్. చెరువు నీటిలో ఆక్సిజన్ కొలిచే పరికరం చేశాను, లింకు ఇక్కడ ఉంది. బ్యాటరీ రెండు రోజుల్లో అయిపోతోంది. స్లీప్ మోడ్ వాడితే సరిపోతుందా, చిప్ మార్చాలా? మీరు ఈ రంగంలో ఉన్నారని చూసి అడుగుతున్నాను.’

ఇంగ్లీషులో రాసినా వరుస ఇదే. ఎవరో చెప్పండి, ఏం చేశారో చూపించండి, ఒక్కటే అడగండి. కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు పంపే నోట్ ఇంకా చిన్నదిగా ఉండాలి. ఉచిత ఖాతాలో అలాంటి నోట్లు నెలకు కొన్నే పంపనిస్తారు కాబట్టి వాటిని ఈ పదిహేను మందికే దాచుకోండి. కాలేజీలో ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే అలవాటు ఉన్నా, మొదటి మెసేజ్‌లో ‘సర్’, ‘మేడమ్’ అనడమే మంచిది. వాళ్లే ‘సర్ ఏంటి తమ్ముడూ’ అంటారు. అప్పుడు మార్చుకోవచ్చు.

జవాబు వచ్చాక చాలామంది ‘థ్యాంక్యూ సర్’ అని ఆపేస్తారు. అసలు పరిచయం మొదలయ్యేది ఆ తర్వాతే. వారం ఆగి, ‘మీరు చెప్పినట్టు స్లీప్ మోడ్ పెట్టాను, ఇప్పుడు బ్యాటరీ ఇన్ని రోజులు వస్తోంది’ అని రాయండి. తను చెప్పిన మాట విని ఎవరో పని పూర్తి చేశారంటే ఎవరికైనా సంతోషమే. ఆయన కంపెనీలో ఖాళీ వచ్చిన రోజు మీ పేరు గుర్తొచ్చేది అందువల్లే.

‘అంతగా తెలియనివాళ్లు నాకెందుకు సాయం చేస్తారు’ అనిపించవచ్చు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే దీని గురించి రాశారు. మన దగ్గరివాళ్లకు తెలిసిన విషయాలు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త సంగతులు వచ్చేది కాస్త దూరపు పరిచయాల నుంచే అన్నది ఆయన వాదన. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని లింక్డిన్‌లోనే పరీక్షించింది. ‘మీకు తెలిసి ఉండవచ్చు’ అంటూ చూపించే సూచనలను మార్చి మార్చి, ఐదేళ్లలో 2 కోట్ల మంది మీద చేసిన ప్రయోగం అది. ఉద్యోగం మారడానికి బాగా పనికొచ్చింది మరీ దగ్గరివాళ్లూ కాదు, ముక్కూ ముఖం తెలియనివాళ్లూ కాదు. ఉమ్మడి మిత్రులు కొద్దిమంది ఉన్న మధ్యస్థ పరిచయాలు. మీ కాలేజీ సీనియర్లు సరిగ్గా ఆ కోవలోకే వస్తారు.

మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం. వేరే కంపెనీకి మారాలనుకుంటున్నా. లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ (ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే గుర్తు) పెడితే మా మేనేజర్‌కు తెలిసిపోతుందని టెన్షన్.

అందులో రెండు రకాలు ఉన్నాయి. ‘అందరికీ’ అని ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది, ఎవరైనా చూస్తారు. ‘రిక్రూటర్లకు మాత్రమే’ ఎంచుకుంటే ఆ పట్టీ రాదు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా లింక్డిన్ ప్రయత్నిస్తుంది, కానీ పూర్తి గోప్యతకు హామీ ఇవ్వబోమని వాళ్లే చెబుతున్నారు. మీ కంపెనీకి మనుషులను వెతికిపెట్టే బయటి కన్సల్టెన్సీ వాళ్లు చూడవచ్చు కదా. ఆ మాత్రం రిస్క్ కూడా వద్దనుకుంటే దాని జోలికి వెళ్లకండి. నమ్మకమైన పాత సహోద్యోగులు నలుగురికి విడిగా మెసేజ్ పెట్టడం మేలు.

ప్రొఫైల్‌ను ఒక్కసారిగా మార్చేస్తే కూడా అనుమానం వస్తుంది. సెట్టింగ్స్‌లో విజిబిలిటీకి వెళ్లి, ప్రొఫైల్ మార్పులను నెట్‌వర్క్‌కు తెలియజేసే ఆప్షన్ ముందు ఆపేయండి. అక్కడే మీ కనెక్షన్ల జాబితా ఎవరు చూడాలో కూడా ఉంటుంది. దాన్ని మీకు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. లింక్డిన్ ఖాతా ఆఫీసు మెయిల్‌తో తెరిచి ఉంటే ఈ రోజే సొంత మెయిల్ చేర్చి, దాన్నే ప్రధాన మెయిల్‌గా మార్చండి. ఉద్యోగం వదిలి బయటకు వచ్చాక ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోతే ఏళ్లుగా కూడబెట్టుకున్న పరిచయాలన్నీ అందులోనే చిక్కుకుపోతాయి. ఉద్యోగం వెతికే పని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలు చేయకండి.

విజయవాడలో ఉంటాను. బాబు పుట్టాక 2019లో టెస్టింగ్ ఉద్యోగం మానేశాను. మళ్లీ చేరాలని ఉంది. ఆరేళ్ల ఖాళీ చూసి ఎవరూ పట్టించుకోరేమో. పాత స్నేహితులను ఇన్నేళ్ల తర్వాత అడగడానికీ మొహమాటంగా ఉంది.

ఇలాంటి ఉత్తరాలు ప్రతి నెలా వస్తాయి, దాదాపు అన్నీ ఆడవాళ్లవే. చదివిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. మీరు పిల్లవాడిని పెంచారు, అందులో దాచాల్సింది ఏమీ లేదు. లింక్డిన్ 2022లో ‘కెరీర్ బ్రేక్’ అని ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. ఏ కారణంతో ఆగారో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో అక్కడ నేరుగా రాయవచ్చు. తేదీలు అటూ ఇటూ సర్ది ఖాళీ కనబడకుండా చేయాలని మాత్రం చూడకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

ఖాళీ కన్నా పెద్ద విషయం పనిముట్లు మారిపోవడం. మీరు మానేసేనాటికి వెబ్‌సైట్ల టెస్టింగ్‌లో ఆటోమేషన్ అంటే ఎక్కువగా సెలీనియం అనే పనిముట్టే. 2020లో మైక్రోసాఫ్ట్ అలాంటిదే ప్లేరైట్‌ను విడుదల చేసింది, ఇప్పుడు చాలా ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తుంది. అది ఉచితం, ఓపెన్ సోర్స్. సెలీనియం వచ్చినవాళ్లకు పట్టుబడటం కష్టం కాదు. రోజూ గంట చొప్పున నేర్చుకుని, ఏదైనా డెమో వెబ్‌సైట్ మీద చిన్న టెస్టులు రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. అప్పుడు అడిగే మాటకు బలం ఉంటుంది.

ఇక మొహమాటం సంగతి. మీరు మానేసినప్పటి మీ టీమ్ వాళ్లు ఇప్పుడు నాలుగైదు కంపెనీలకు చెదిరిపోయి ఉంటారు. అంటే ఆ నాలుగైదు కంపెనీల్లోనూ మీ పని చూసినవాళ్లు ఉన్నారన్న మాట! పైన కాకినాడ విద్యార్థికి చెప్పిన మధ్యస్థ పరిచయాల మాట మీకూ వర్తిస్తుంది. ‘ఆ రోజుల్లో రిలీజ్ ముందు రాత్రంతా కూర్చుని బగ్స్ మూసేవాళ్లం గుర్తుందా? మళ్లీ పనిలోకి రావాలనుకుంటున్నాను. ప్లేరైట్ నేర్చుకున్నాను. మీ దగ్గర టెస్టర్లకు ఇప్పుడు ఏం అడుగుతున్నారో చెప్పగలరా?’ అని రాయండి. ఎదుటివాళ్లకు ఇబ్బందిలేని ప్రశ్న ఇది. విరామం తర్వాత వచ్చేవాళ్ల కోసం కొన్ని కంపెనీలు ‘రిటర్న్‌షిప్’ పేరుతో కొన్ని నెలల కార్యక్రమాలు నడుపుతాయి. లింక్డిన్ జాబ్స్‌లో ఆ మాటతోనే వెతికి అలర్ట్ పెట్టుకోండి.

రోజుకు వంద మందికి ఆటోమేటిక్‌గా రిక్వెస్టులు పంపే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఒకటి దొరికింది. వాడొచ్చా? (వరంగల్)

వద్దు. అలాంటి ఆటోమేషన్‌ను లింక్డిన్ నిబంధనలు ఒప్పుకోవు. ఖాతాను ఆపేయగలరు. పైగా ఆ ఎక్స్‌టెన్షన్ మీ లాగిన్ సెషన్‌ను వాడుకుంటుంది కాబట్టి మీ మెసేజ్‌లన్నీ దానికి అందుబాటులోకి వచ్చే ప్రమాదం ఉంది. తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని సెషన్ల నుంచి సైన్ అవుట్ చేయండి.

లింక్డిన్‌లో ఒక విదేశీ కంపెనీ హెచ్‌ఆర్ అని ఒకరు పరిచయమయ్యారు. టెలిగ్రామ్‌కు రమ్మన్నారు. ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ పంపి, ల్యాప్‌టాప్ డిపాజిట్ కింద 4,500 రూపాయలు కట్టమంటున్నారు. నిజమైనదేనా? (నిజామాబాద్)

కాదు. కట్టకండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీకు జీతం ఇస్తారు, మీ దగ్గర డబ్బు తీసుకోరు. డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, వెరిఫికేషన్ చార్జి, పేరు ఏదైనా అది మోసమే.

ఇకపై ఇలాంటివాళ్లు వస్తే వాళ్ల ప్రొఫైల్‌లో ‘మోర్’ నొక్కి ‘ఎబౌట్ దిస్ ప్రొఫైల్’ చూడండి. ఖాతా ఎప్పుడు తెరిచారో అక్కడ ఉంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న హెచ్‌ఆర్ పోయిన నెల ఖాతా తెరిచారంటే అనుమానించాల్సిందే. పేరు పక్కన వెరిఫికేషన్ గుర్తు ఉందేమో చూడండి. మన దేశంలో డిజిలాకర్ ద్వారా ఉచితంగా గుర్తింపు ధ్రువీకరించుకోవచ్చు. మీరూ చేసుకోండి, ఎదుటివాళ్లకు నమ్మకం కలుగుతుంది. అయితే ఆ గుర్తు మనిషి అసలువాడని మాత్రమే చెబుతుంది, ఉద్యోగం అసలుదని చెప్పదు. ఆఫర్ లెటర్ వస్తే కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని మెయిల్‌కు రాసి అడగండి.

ఇప్పటికే ఎవరైనా డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ చాట్‌ను చెరిపేయకండి, అదే సాక్ష్యం.

అనంతపురంలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పని చేస్తాను. నాకు లింక్డిన్ అవసరమా? కస్టమర్లు పెరగాలంటే ఏం చేయాలి?

మీకు లింక్డిన్ కంటే వాట్సాప్ బిజినెస్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎక్కువ పనికొస్తాయి. రెండూ ఉచితమే. గూగుల్‌లో మీ షాపు పేరు, ఫోన్ నంబరు, బిగించిన ఇళ్ల ఫొటోలు పెట్టండి. ఇంటివాళ్లు ఒప్పుకున్న ఫొటోలే సుమా. పని పూర్తయి, మొదటి కరెంటు బిల్లు తగ్గి వచ్చిన రోజు ఫోన్ చేసి రివ్యూ రాయమని అడగండి. బిగించిన రోజు అడిగితే ‘బాగుంది’ అని రాస్తారు, బిల్లు చూశాక అడిగితే ఎంత తగ్గిందో రాస్తారు. కొత్త కస్టమర్‌కు కావలసింది ఆ రెండోదే.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక సబ్సిడీ గురించి అడిగేవాళ్లు పెరిగి ఉంటారు. 3 కిలోవాట్లు, ఆపైన బిగించుకునే ఇంటికి 78,000 రూపాయల వరకు కేంద్ర సబ్సిడీ ఉంది. ఈ జవాబును వాట్సాప్ బిజినెస్‌లో ‘క్విక్ రిప్లై’గా దాచుకుంటే ప్రతిసారీ టైప్ చేయనక్కర్లేదు. అడిగి ఊరుకున్నవాళ్లకు, కొటేషన్ ఇచ్చినవాళ్లకు, పని పూర్తయినవాళ్లకు వేర్వేరు లేబుళ్లు పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది కాబట్టి, కలిసినప్పుడే ‘నా నంబరు సేవ్ చేసుకోండి అన్నా’ అని అడగండి.

మీలాంటి వాళ్లకు అన్నిటికన్నా విలువైనది ఫోన్‌లోని కాంటాక్ట్స్ జాబితా. ‘సోలార్ రమేష్’, ‘సోలార్ రమేష్ 2’ అని పెట్టుకుంటే ఏడాది తర్వాత ఎవరు ఎవరో తెలియదు. గూగుల్ కాంటాక్ట్స్‌లో ప్రతి పేరు కింద నోట్ రాసుకునే చోటు ఉంది. ఏ వీధి, ఎన్ని కిలోవాట్లు, ఎప్పుడు బిగించాం, ఎవరు పంపితే వచ్చారు, ఈ నాలుగూ అక్కడ రాయండి. ‘ఎవరు పంపితే వచ్చారు’ అన్నది మాత్రం మర్చిపోవద్దు. ఆరు నెలలకోసారి ఆ నోట్లు తిరగేస్తే ఒక ఎలక్ట్రీషియనో, ఒక మేస్త్రీనో మీకు ఐదారు ఇళ్లు చూపించి ఉంటారు. పండక్కి ముందు వాళ్లింటికి స్వయంగా వెళ్లి కలవండి.