జపాన్‌లో బోసోజోకు బైక్ గ్యాంగులు ఎలా పుట్టాయి, ఎందుకు దాదాపు కనుమరుగయ్యాయి?

బోసోజోకు అంటే అడ్డూ అదుపూ లేకుండా దూసుకుపోయే తెగ అని అర్థం. 1950ల్లో సైలెన్సర్లు తీసేసి తిరిగే కుర్రాళ్లను జనం ‘ఉరుముల తెగ’ అనేవారు. వాళ్ల వారసులే వీళ్లు. 1970ల్లో ఈ కొత్త పేరు స్థిరపడింది. 1982లో పోలీసుల లెక్క ప్రకారం 42,000 మందికి పైగా ఉండేవారు.

చాలామంది 20 ఏళ్లు నిండని వాళ్లు. చదువు అబ్బక చిన్న పనుల్లో చేరినవాళ్లు వీళ్లలో చాలామంది. పగలు ఎవరూ పట్టించుకోని కుర్రాడికి రాత్రి గ్యాంగులో ఒక పేరు, హోదా దొరికేవి. బైక్‌కి వెనక ఎత్తుగా లేచిన సీటు, పైకి లేచిన సైలెన్సర్ గొట్టాలు, వాటి చెవులు చిల్లులు పడే మోత. ఒంటి మీద కామికాజే పైలట్లను (రెండో ప్రపంచ యుద్ధంలో విమానంతో సహా శత్రువు మీద పడి ప్రాణాలిచ్చిన జపాన్ పైలట్లు) గుర్తుచేసే పొడవాటి కోటు, దాని నిండా ఎంబ్రాయిడరీ అక్షరాలు. ‘యొరోషికు’ అనేది రోజూ వాడే మర్యాద మాట. దాన్ని వీళ్లు అదే శబ్దం వచ్చేలా రాత్రి, మంచు బిందువు, చావు, బాధ అనే అర్థాలున్న నాలుగు అక్షరాలతో రాసుకునేవారు. ఆ వయసు ఆవేశమంతా నాకు ఆ నాలుగు అక్షరాల్లోనే కనిపిస్తుంది.

దీన్ని సరదా ఫ్యాషన్‌గా చూపించడం మాత్రం తప్పు. కొట్లాటలు జరిగాయి, ప్రాణాలు పోయాయి, వీధుల్లో జనానికి నిద్ర ఉండేది కాదు.

గుంపుగా ప్రమాదకరంగా నడపడాన్ని 1978లోనే చట్టం నేరం చేసింది. అయినా అసలు దెబ్బ 2004 సవరణతో పడింది: ఇబ్బంది పడినవాళ్లు సాక్ష్యం చెప్పకపోయినా కేసు పెట్టొచ్చు. దానికి తోడు పిల్లలే తగ్గిపోయారు, బైక్ ఖర్చు భరించడం కష్టమైంది, సీనియర్ల పెత్తనం కింద ఉండటానికి కొత్త తరం ఇష్టపడలేదు.