జీజీటీ ఎక్కువ వచ్చిందంటే తాగుతున్నట్టేనా?

మీ ప్రశ్న: మా వారు మూడు నెలలుగా మందు ముట్టలేదంటున్నారు. నిన్నటి లివర్ టెస్టులో జీజీటీ 118 వచ్చింది. దొంగచాటుగా తాగుతున్నట్టేనా? రక్తపరీక్షతో తేల్చవచ్చా?

తేల్చవచ్చు, కానీ జీజీటీతో కాదు. అది లివర్ టెస్టులో కొలిచే ఒక ఎంజైము మాత్రమే. ఆ ఒక్క అంకె పట్టుకుని ఆయన్ని నిలదీయకండి. నేను ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇదే రిపోర్టు చేతిలో పెట్టుకుని మా కౌంటర్ దగ్గర భార్యాభర్తలు మాటామాటా అనుకోవడం చాలాసార్లు చూశాను.

మా ఇంట్లోనూ ఈ రగడ జరిగింది. మా బాబాయి ఒకప్పుడు బాగా తాగి మానేసిన మనిషి. మూర్ఛ ఉండటంతో ఏళ్ల తరబడి ఫెనిటోయిన్ మాత్రలు వేసుకుంటున్నారు. జీజీటీ ఉండాల్సినదానికి మూడింతలు వచ్చేసరికి పిన్ని ఆయనతో మాట్లాడటం మానేసింది. నిజానికి ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ లాంటి మందులు చుక్క తాగకపోయినా ఆ ఎంజైమును పెంచేస్తాయి. తర్వాత రోజూ తాగేవాళ్లను పట్టే సీడీటీ అనే రక్తపరీక్ష (దాని సంగతి కింద చెబుతాను) చేయిస్తే మామూలుగానే వచ్చింది. ఆ కాగితం చూపిస్తే, "ఇచ్చింది మీ ల్యాబ్‌వాళ్లేగా" అంది పిన్ని. మందులు రాసే డాక్టరుగారు స్వయంగా చెప్పాకే నమ్మింది.

ఫ్యాటీ లివర్, షుగరు, ఊబకాయం, పిత్తాశయంలో రాళ్లు జారి పిత్తనాళానికి అడ్డుపడటం, ఇవన్నీ జీజీటీని పెంచుతాయి. మన ఊళ్లలో నడివయసు మగవాళ్ల పొట్టలు చూస్తే ఫ్యాటీ లివర్‌నే ముందు అనుమానించాలనిపిస్తుంది. ఇంకోవైపు, రోజూ తాగే కుర్రవాళ్లలో కొందరికి జీజీటీ చక్కగా ఉంటుంది. అది చూపించి ఇంట్లోవాళ్ల నోరు మూయించేవాళ్లూ ఉన్నారు. దాని అసలు ఉపయోగం ఒకసారి చూడటంలో లేదు, వరసగా చూడటంలో ఉంది. తాగుడు వల్లే పెరిగి ఉంటే, మానేశాక సుమారు రెండు మూడు వారాలకోసారి సగానికి సగం పడిపోతూ వస్తుంది. మీ దగ్గర మూడు నెలల కిందటి రిపోర్టు ఉంటే వెతికి పక్కన పెట్టి చూడండి. అప్పుడు 400 ఉండి ఇప్పుడు 118 అయితే ఒక అర్థం, అప్పుడూ 118 ఉంటే ఇంకో అర్థం.

ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం, తాగేవాళ్లలో పెరుగుతుంది. కానీ ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మానేసినా అది దిగిరావడానికి నెలలు పడుతుంది. పైగా బీ12 లోపం ఉన్నా పెరుగుతుంది. జీవితంలో గుళ్లో ఇచ్చే తీర్థం తప్ప మరో తీర్థం ఎరుగని శాకాహారి బామ్మలకు ఎంసీవీ 105 దాటడం మాకు కొత్త కాదు. లివర్ టెస్టులోనే కనిపించే మరో రెండు ఎంజైముల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెండింతలకు మించి ఉంటే తాగుడు వల్ల కాలేయం దెబ్బతిందని అనుమానిస్తారు. అయితే అది చెప్పేది కాలేయానికి తగిలిన దెబ్బ గురించి, నిన్నామొన్నా తాగిన సంగతి గురించి కాదు.

ఇక సీడీటీ. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. కనీసం రెండు వారాలపాటు రోజుకు 50–60 గ్రాముల ఆల్కహాల్ పడితే ఆ గొలుసులు లోపించిన ప్రోటీన్ పెరుగుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, 42.8 శాతం ఉండే విస్కీ ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాబట్టి రోజూ క్వార్టర్ కొట్టేవాళ్లను సీడీటీ చాలావరకు పట్టుకుంటుంది, ఆదివారం ఒక బీరుతో సరిపెట్టేవాళ్లను పట్టుకోదు.

మీకు పనికొచ్చేది ఫాస్ఫటిడిల్ ఇథనాల్, పొట్టిగా పెత్. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నప్పుడే ఎర్ర రక్తకణాల పొరలో తయారవుతుంది, కాబట్టి మాత్రలూ ఫ్యాటీ లివరూ దాన్ని పెంచవు. తాగిన మోతాదును బట్టి రెండు నుంచి నాలుగు వారాలు, బాగా తాగేవాళ్లలో ఇంకా ఎక్కువ కాలం కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే తాగనట్టు లేదా బహు కొద్దిగా తాగినట్టు, 200 దాటితే గట్టిగా తాగుతున్నట్టు లెక్క. ఆయన నిజంగా మూడు నెలల కిందట మానేసి ఉంటే ఈపాటికి 20 లోపే ఉండాలి. ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే మాత్రం ముందే చెప్పండి, దాత తాగిన సంగతి మీ వారి ఖాతాలో పడవచ్చు.

మూత్రంలో చూసే ఈటీజీ (ఇథైల్ గ్లూకురోనైడ్, ఒంట్లో ఆల్కహాల్ నుంచి తయారయ్యే పదార్థం) రెండు మూడు రోజుల సంగతే చెబుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించినా స్వల్పంగా కనిపించే వీలుంది. అచ్చంగా మూడు నెలల లెక్క కావాలంటే కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్ల వెంట్రుకలో ఈటీజీ చూస్తారు. జర్మనీలో తాగి నడిపి పోగొట్టుకున్న లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి ఇది చూపించేవాళ్లున్నారు. మీ వారి విషయంలో అంత దూరం వెళ్లాలని నాకనిపించదు.

షుగరు పరీక్ష పేరు చెప్పి చాటుగా రక్తం తీయించే ఆలోచన ఉంటే మానుకోండి. తర్వాత తెలిస్తే ఆయన మరే పరీక్షకూ రారు. ఆయనకు చెప్పే చేయించండి, ముందుగా వాడుతున్న మందుల జాబితా, పొట్ట స్కానింగ్ రిపోర్టు డాక్టరుకు చూపించండి. ఒకవేళ రోజూ తాగుతున్నట్టు తేలితే ఆ పూటే సీసాలు పారబోసి ఆయన్ని గదిలో బంధించకండి. ఉన్నపళంగా ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

పెత్ చేసే ల్యాబ్‌లు తక్కువ, నమూనా బయటికి పంపాల్సి రావచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి. దానికి సీరం పనికిరాదు, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీసిన పూర్తి రక్తం కావాలి. కౌంటర్‌లో పెత్ అంటే చాలామందికి తెలియదు, డాక్టరు చేత పూర్తి పేరు చీటీ మీద రాయించుకుని వెళ్లండి.