రమ్మీ యాప్‌లో ఇరుక్కున్న డబ్బు, హోల్డులో పడ్డ జీతం ఖాతా: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మాది రేణిగుంట. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. 2023లో ఫోన్లో లొకేషన్ మార్చే యాప్ పెట్టుకుని ఆన్‌లైన్ రమ్మీ ఆడాను. ఆ ఆర్థిక సంవత్సరంలో పెట్టింది పోను 60,000 మిగిలితే 18,000 టీడీఎస్ కోశారు. మరుసటి ఏడాది 2,10,000 పోయింది. 2025 ఆగస్టులో ఆ కంపెనీ డబ్బు ఆటలు ఆపేశాక, తెలిసినతను టెలిగ్రామ్‌లో పంపిన లింకుతో ఇంకో యాప్ వేసుకున్నాను. అందులో 64,000 కట్టాను, ఒకసారి 8,000 నా ఖాతాకు వచ్చింది. ఇప్పుడు వాలెట్‌లో 2,15,000 చూపిస్తోంది. తీసుకుందామంటే ముందు 30 శాతం పన్ను, అంటే 64,500 కట్టమంటున్నారు. ఈలోగా నా జీతం ఖాతాను బ్యాంకు హోల్డులో పెట్టింది, డబ్బు తీయనివ్వడం లేదు. ఆటకని 1,50,000 అప్పిచ్చినాయన ప్రోనోటు, ఖాళీ చెక్కు చూపించి కోర్టుకు వెళ్తానంటున్నాడు. రమ్మీ నేరం కాదని సుప్రీంకోర్టే చెప్పింది కదా? తమిళనాడులోని కాట్పాడికి వెళ్లి ఆడితే ఇబ్బంది లేదని చిత్తూరులో ఒక స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? ఫిర్యాదు చేస్తే నన్నే పట్టుకుంటారా? పన్నుశాఖ నుంచి లెక్కలు సరిపోలలేదని మెయిల్ కూడా వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

జవాబు: ముందుగా ఆ 64,500 కట్టకండి. టీడీఎస్ అంటేనే చేతికి రావాల్సిన డబ్బులోంచి కోసుకునేది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నికర గెలుపు మీద 30 శాతం కోసుకుని, మీ పాన్ మీద జమ చేయాల్సింది కంపెనీయే. మీ మొదటి యాప్‌లో జరిగింది అదే. 18,000 మిమ్మల్ని అడక్కుండానే కోశారు, అది మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో, కనిపిస్తుంది. ఎవరిదో యూపీఐ ఐడీకి ముందు కట్టమనేది పన్ను కాదు. అది కట్టాక ‘ఖాతా ధ్రువీకరణ’ అని, ఆ తర్వాత ‘ఆలస్య రుసుము’ అని ఇంకో రెండు మెట్లు ఉంటాయి. ఆ 2,15,000 వాళ్లు మీ తెర మీద వేసిన అంకె మాత్రమే. మీ పేరున ఎక్కడా జమ అయిన డబ్బు కాదు.

మీరు 64,000 ఎవరెవరికి కట్టారో యూపీఐ చరిత్రలో ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఒకసారి ఎరువుల దుకాణం పేరు, ఇంకోసారి ఎవరో మనిషి పేరు, మరోసారి ఏదో ట్రేడర్స్ అని ఉంటే, ఆ ఖాతాలన్నీ అద్దెకు తీసుకున్నవని అర్థం. మీకు వచ్చిన 8,000 కూడా అలాంటి ఖాతాలోంచే వచ్చి ఉంటుంది. ఇంకెక్కడో మరొకరు మోసపోయి కట్టిన డబ్బులో కొంత మీకు ‘గెలుపు’ అని పంపి నమ్మకం కుదిరిస్తారు. ఆ మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినప్పుడు డబ్బు ఏ ఖాతాల గుండా వెళ్లిందో వరుసగా వెతుకుతారు. ఆ వరుసలో మీ ఖాతా తగిలింది, హోల్డు పడింది. జరిగింది ఇదే అయితే ఇందులో మీరు బాధితులు. అయినా కాగితాల మీద ‘దొంగ సొమ్ము అందుకున్న ఖాతాదారు’గా కనిపిస్తున్నారు. ఈ రెండో ముద్ర పోవాలంటే మొదటిది మీరే నిరూపించుకోవాలి.

అందుకని ఈ రోజే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ప్రతి చెల్లింపుకూ తేదీ, సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ, 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు రాయాలి. యూటీఆర్ లేని ఫిర్యాదు ముందుకు కదలదు. వెనక్కి రాబట్టే అవకాశం గంటల్లో తగ్గిపోతుంది కాబట్టి పాత చెల్లింపులు పోయినట్టే అనుకున్నా, ఈ మధ్యవి ముందు రాయండి. యాప్‌ను వెంటనే తీసేయకండి. వాలెట్ తెర, ‘పన్ను కట్టండి’ అన్న సందేశం, టెలిగ్రామ్ గ్రూపు పేరు, లింకు పంపిన వారి నంబరు, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఆ తర్వాత యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ మార్చండి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైలుగా వేసుకున్న యాప్‌లు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఉంటే మీ ఓటీపీ వాళ్లకూ కనిపిస్తుంది.

ఇక బ్యాంకు. కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగితే ‘పై నుంచి వచ్చింది’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. మేనేజరుకు రెండు ప్రతుల్లో అర్జీ ఇచ్చి, ఒక దాని మీద ముద్ర వేయించుకోండి. హోల్డు ఏ తేదీన పడింది, ఎంత మొత్తానికి, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఏ రాష్ట్రంలోని ఏ స్టేషన్ నుంచి, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏమిటి, ఇవన్నీ లిఖితపూర్వకంగా ఇవ్వమనండి. అదే అర్జీలో, వివాదం 8,000కే కనుక హోల్డును ఆ మొత్తానికే పరిమితం చేసి జీతం డబ్బు వదలాలని కోరండి. 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో పోలీసులు చెప్పిన మొత్తానికే హోల్డును పరిమితం చేయాలని చెప్పింది. అది మన రాష్ట్రంలో బ్యాంకును కట్టిపడేసే తీర్పు కాదు గానీ, వాదనకు బలమైన ఆధారం.

స్టేషన్ ఏదో తెలిశాక ఆ అధికారికి ఈమెయిల్ పంపండి. ఆధార్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, మీరు పెట్టిన 1930 ఫిర్యాదు నంబరు జతచేయండి. 8,000 ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయండి, ఆ మొత్తం బాధితుడికి తిరిగి వెళ్లడానికి అభ్యంతరం లేదని చెప్పండి. ‘స్నేహితుడు పంపాడు’, ‘అప్పు తీర్చాడు’ అని కథ అల్లితే, రేపు ఆ పంపినవాడు మీకు తెలియదని తేలినప్పుడు బాధితుడి స్థానం నుంచి నిందితుడి స్థానంలోకి జారిపోతారు. ఈ కేసుల్లో ఎక్కువ చేటు జరిగేది ఇక్కడే.

భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద పోలీసులు ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు, అయితే ఆ సంగతి మేజిస్ట్రేటుకు వెంటనే తెలపాలి. ఈమెయిల్‌కు జవాబు రాకపోతే అదే సంహిత 503వ సెక్షన్ కింద ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేటు ముందు విడుదల దరఖాస్తు వేయవచ్చు. స్టేషన్ వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి న్యాయవాదికి వకాలత్ ఇవ్వాలి. ఫీజు భారమనుకుంటే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో అడగండి. అర్హత ఉంటే ఉచితంగా సాయం అందుతుంది. ‘హోల్డు తీయిస్తాం, ఇంత పంపండి’ అని ఫోన్ చేసేవాళ్లు రెండో విడత మోసగాళ్లు. వచ్చే నెల జీతం మీ పేరునే ఉన్న వేరే బ్యాంకు ఖాతాకు మార్పించుకోండి, అందులో తప్పులేదు. ఇంకొకరి ఖాతా మాత్రం వాడకండి.

ఇప్పుడు మీరు అడిగిన సుప్రీంకోర్టు మాట. ఆ తీర్పు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, 1967 నవంబరులో వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసు అది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడవదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో లెక్క వేయాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నది కోర్టు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: పందెం పెట్టి ఆడే ఆటలోంచి ఇంటి యజమానో, క్లబ్బో లాభం తీసుకుంటుంటే నేరం నిలబడవచ్చు. ప్రతి ఆటలోంచీ కమీషన్ కోసుకునే యాప్‌ను ఆ తీర్పు అడ్డం పెట్టి కాపాడాలనుకోవడం మొదటి నుంచీ బలహీనమైన వాదనే అని నా అభిప్రాయం.

ఆపై చట్టమే మారింది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974ను 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని దాని కిందికి తెచ్చారు. నడిపేవారికి మొదటిసారి ఏడాది, మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా, ఆడేవారికి ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. మన జిల్లాల్లో ఆ యాప్‌లు తెరుచుకోకపోవడానికి, మీరు లొకేషన్ మార్చాల్సి రావడానికి కారణం ఇదే. తర్వాత పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ చట్టం, 2025 చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బు పెట్టి, డబ్బు గెలవాలని ఆడేదైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా ఈ చట్టంలో లేదు. అలాంటి ఆట అందించేవారికి మూడేళ్ల దాకా జైలు లేదా కోటి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, ప్రకటనలు చేసేవారికి రెండేళ్లు లేదా 50 లక్షలు లేదా రెండూ. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లు సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. వాటిని నమ్ముకుని ఎవరూ డబ్బు పెట్టకూడదు.

కాట్పాడి సలహా కూడా ఇక్కడే తేలిపోతుంది. 2023లో మద్రాసు హైకోర్టు తమిళనాడు నిషేధంలోంచి రమ్మీ, పోకర్‌లను తప్పించిన మాట నిజమే, మీ స్నేహితుడు చెప్పేది ఆ కాలపు సంగతి. 2025 చట్టం దేశమంతటికీ చేసింది. చిత్తూరు చెక్‌పోస్టు దాటినంత మాత్రాన మారేదేమీ లేదు.

ఫిర్యాదు చేస్తే పట్టుకుంటారా అన్నారు. కేంద్ర చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు. రాష్ట్ర చట్టంలో ఉంది, అది దాచి చెప్పడం సబబు కాదు. అయినా నా సలహా ఫిర్యాదు చేయమనే. పాత ఆట మీద కేసు పడే ప్రమాదం కంటే, దొంగ సొమ్ము గొలుసులో వివరణ ఇవ్వని లింకుగా మిగిలిపోయే ప్రమాదం చాలా పెద్దది. ఒక్క విషయం మాత్రం నిజాయితీగా ఆలోచించుకోండి: ఆ లింకును మీరు ఎవరికైనా పంపారా, రిఫరల్ బోనస్ తీసుకున్నారా? మీ సిమ్ము గానీ, ఖాతా గానీ ఎవరికైనా ఇచ్చారా? అలా చేసి ఉంటే ఇది ఆడినవాడి కేసు కాదు, ఆటలోకి దింపినవాడి కేసు అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ముఠాగా చేసే అనధికార జూదాన్ని కూడా చిన్నతరహా వ్యవస్థీకృత నేరంలో చేర్చింది, శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు. అలాంటిదేమైనా ఉంటే పోలీసులకు రాసే ముందే న్యాయవాదిని కలవండి.

అప్పు సంగతి వేరు. మీతో ఆడి గెలిచినవాడికి మీరు బాకీ పడితే అది కోర్టులో వసూలు కాదు, కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ పందెపు ఒప్పందాలను చెల్లకుండా చేస్తుంది. అప్పిచ్చినాయన పందెం కాయలేదు, డబ్బు ఇచ్చాడు. చట్టవిరుద్ధమైన ఆటకేనని తెలిసే ఇచ్చాడని 23వ సెక్షన్ కింద వాదించవచ్చు గానీ, తెలుసని నిరూపించాల్సింది మీరు. వాట్సాప్‌లో ‘రమ్మీకి కావాలి’ అన్న సందేశం, దానికి ఆయన జవాబు ఉంటే చెరపకండి. ఖాళీ చెక్కు కనుక చెల్లదనుకోకండి. సంతకం మీదైతే, మిగతాది ఎవరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారన్న భావన ఆయన వైపే ఉంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు తిరిగి వస్తే ఆయన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అందిన 15 రోజుల్లో మీరు కట్టాలి, లేదా జవాబు పంపాలి. ఇప్పటిదాకా కట్టిన వడ్డీకి రసీదు ఉందా? ఇకపై ఏదిచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ప్రోనోటు వెనక చెల్లు (ఇంత కట్టానని) రాసి మీ సంతకం పెడితే, మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుందని గుర్తుంచుకుని పెట్టండి.

పన్ను చిన్న విషయం, త్వరగా తేల్చుకోండి. 2023-24లో నికర గెలుపు 60,000 మీద 115బీబీజే సెక్షన్ కింద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 18,720. 18,000 కోశారు కనుక 720, వడ్డీ మిగిలాయి. జీతం ఒక్కటే చూపించి ఐటీఆర్-1 రిటర్న్ వేసి ఉంటారు, అందుకే పన్నుశాఖ దగ్గరున్న మీ ఆదాయ వివరాల పట్టిక ఏఐఎస్‌తో సరిపోలక మెయిల్ వచ్చింది. పునర్మదింపు నోటీసు ఇంకా రాకపోతే ఐటీఆర్-2లో అప్‌డేటెడ్ (గడువు దాటాక సరిదిద్దే) రిటర్న్ వేయండి. ఆ సంవత్సరానికి గడువు 2029 మార్చి 31 దాకా ఉంది, ఆలస్యం అయ్యేకొద్దీ అదనపు పన్ను 70 శాతం దాకా పెరుగుతుంది. మరుసటి ఏడాది పోయిన 2,10,000ను ఇందులో తగ్గించుకోవడానికి లేదు, జీతంలోంచీ తగ్గదు.

చివరగా ఇంట్లో తెలియదన్నారు. చెక్కు నోటీసు పోస్టులో మీరు డ్యూటీలో ఉన్న వేళ వస్తుంది, ఆ కవరు ఇంట్లోవాళ్లే అందుకుంటారు. భయపడి వెనక్కి పంపిస్తే, సరైన చిరునామాకు వచ్చిన నోటీసు అందినట్టే కోర్టు లెక్క వేస్తుంది, 15 రోజులు నడవడం మొదలవుతుంది. పోస్టుమ్యాన్ రాకముందే వాళ్లకు మీరే చెప్పండి. కవరు వస్తే తీసుకుని, వచ్చిన తేదీని దాని మీదే రాసి ఉంచమనండి.