పాత టీవీ ట్రాన్స్‌మీటర్‌ను 432 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్‌గా మార్చుకోవచ్చా?

మీ దగ్గర ఉన్నది 470 నుంచి 862 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే యూహెచ్‌ఎఫ్ టీవీ ట్రాన్స్‌మీటర్. దాన్ని హామ్ రేడియో (అభిరుచి రేడియో) వాళ్లు వాడే 432కి తేవచ్చా, తెస్తే పెట్టె మీద రాసిన వాట్లన్నీ వస్తాయా అని అడిగారు. తప్పకుండా తేవచ్చు. అలాంటి మాడ్యూలునే మార్చుకుని నేను వాడుతున్నాను. వాట్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

అనలాగ్ ట్రాన్స్‌మీటర్ మీద రాసేది సింక్ పల్స్ (చిత్రం గీతలను సరిపెట్టే సంకేతం) సమయంలో వచ్చే గరిష్ఠ శక్తి. సగటు అంతకంటే బాగా తక్కువ. ఎస్‌ఎస్‌బీలో (మాట ఉన్నప్పుడే శక్తి వెళ్లే పద్ధతి) మాట్లాడితే ఇబ్బంది లేదు గానీ, ఎఫ్ఎంలో నిమిషాల తరబడి పూర్తి శక్తితో క్యారియర్ (ఆగని రేడియో తరంగం) వదిలితే హీట్ సింకు, పవర్ సప్లై తట్టుకోవాలి. డిజిటల్ ట్రాన్స్‌మీటర్ అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ రాసేది సగటు. బీఎల్‌ఎఫ్888ఏ లాంటి ట్రాన్సిస్టర్ శిఖర శక్తి 600 వాట్లయినా డిజిటల్ టీవీలో దాని సగటు నూరు వాట్ల పైచిలుకే. అందుకే డిజిటల్ పెట్టె దొరికితే నేను మరో ఆలోచన లేకుండా తీసుకుంటాను.

అసలు పని ట్యూనింగ్‌లో ఉంది. 432 అనేది ఆ మాడ్యూలు పరిధికి కాస్త కింద ఉంటుంది కాబట్టి మ్యాచింగ్‌లో (ట్రాన్సిస్టర్‌ను లైనుకు సరిపెట్టే సర్క్యూట్‌లో) కెపాసిటెన్స్ పెంచాలి. డ్రెయిన్ల (ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ కాళ్ల) నుంచి బాలన్ (రెండు వైపుల పవర్‌ను ఒక కేబుల్‌లోకి కలిపే భాగం) దాకా వెళ్లే రెండు వెడల్పాటి రాగి పట్టీల మధ్య ఒక చిన్న ఆర్‌ఎఫ్ చిప్ కెపాసిటర్‌ను తేలిగ్గా అతికించి, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద తక్కువ డ్రైవ్‌తో (ఇన్‌పుట్ పవర్‌తో) చూశాను. సరఫరా ఆపడం, కెపాసిటర్‌ను ట్రాన్సిస్టర్ వైపో బాలన్ వైపో ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపడం, మళ్లీ చూడటం. పవర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. పవర్ పెరుగుతూ డ్రెయిన్ కరెంటు తగ్గే చోటే సరైన చోటు. ఇన్‌పుట్ వైపూ ఇదే పద్ధతి.

ఈ ట్రాన్సిస్టర్ల గెయిన్ దాదాపు 20 డీబీ, అంటే నూరు రెట్లు. 5 వాట్ల డ్రైవ్‌తోనే నిండిపోతాయి. రేడియోలో పవర్ తగ్గించుకుంటే చాలదా అంటారు, చాలదు. చాలా రేడియోలు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కిన తొలి క్షణంలో పెట్టిన పవర్‌ను దాటి ఒక దెబ్బ వదులుతాయి. గేటు (ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్) పోవడానికి అదే చాలు. మధ్యలో గట్టి అటెన్యుయేటర్ (పవర్ తగ్గించే భాగం) పెట్టండి. యాంటెన్నా రిలే పూర్తిగా పడ్డాకే బయాస్ (ట్రాన్సిస్టర్‌ను పనిలోకి తెచ్చే గేటు వోల్టేజీ) రావాలి, ఆ తర్వాతే డ్రైవ్.

టీవీ బ్యాండ్ కోసం చేసిన సర్క్యులేటర్ (తిరిగొచ్చే పవర్‌ను ట్రాన్సిస్టర్ వైపు రానివ్వని భాగం) 432 దగ్గర శక్తిని మింగి వేడెక్కుతుంది. దాన్ని తీసేసి డైరెక్షనల్ కప్లర్ (వెళ్లే, తిరిగొచ్చే పవర్‌ను విడిగా కొలిచే భాగం) పెట్టండి. తిరిగొచ్చే పవర్ హద్దు దాటగానే బయాస్ తెగిపోవాలి. లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) లేకుండా మాత్రం యాంటెన్నాకు కలపకండి. రెండో హార్మోనిక్ (432కి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) 864 దగ్గర, మూడోది 1296 దగ్గర పడతాయి. 1296 మన తోటి హామ్‌ల బ్యాండే. లైసెన్సు అనుమతించిన పవర్ ఎంతో కూడా ముందే చూసుకోండి.

ఇంకో ముఖ్య విషయం: పాత ట్రాన్సిస్టర్లలోనూ ఫ్లాంజ్ రెసిస్టర్లలోనూ తెల్లటి సిరామిక్ బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదకరం. గీకవద్దు, ఆకురాయి పెట్టవద్దు, పగిలితే చేత్తో తీయవద్దు.

మూత తీసి ట్రాన్సిస్టర్ మీది సంఖ్య, సప్లై వోల్టేజీ ఇక్కడ రాయండి. కెపాసిటర్ విలువ ఎంత దగ్గర మొదలుపెట్టాలో అప్పుడు చెప్పగలను.