ముందు వేలు, తర్వాత చెంబు

బుజ్జీ,

ఉగాదికి మేడ మీద కూరగాయలు వేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక దిగులు పట్టుకుంది. బెంగళూరులో మీ వైట్‌ఫీల్డ్ ఇంటి పిట్టగోడ నడుము ఎత్తు కూడా లేదు. ఏప్రిల్‌లో మామిడి జల్లుల ముందు గాలి ఎలా విసురుతుందో నీకు తెలియనిది కాదు. పిట్టగోడ మీద ఒక్క కుండీ పెట్టినా ఊరుకోను, తులసి కుండీ అయినా సరే. కింద పసిపిల్లలు ఆడుకుంటుంటారు.

తడిసిన 20 లీటర్ల గ్రో బ్యాగ్, అదే మొక్కలు పెంచే సంచి, 20 కిలోలు దాటి తూగుతుంది. శ్లాబు నడిమధ్య గుంపుగా పెట్టకు. కింద గోడ, దూలం ఉన్న చోట వరసగా పెట్టి, ఒక్కోదాని కింద రెండేసి ఇటుకలు వెయ్యి. లేకపోతే అడుగున తడి ఆరదు, ఆరు నెలలకు మీ హాల్లో సీలింగుకు చెమ్మ దిగుతుంది.

మట్టి సంగతి నీకు తెలిసిందే: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్లు, బ్యాగుకు రెండు గుప్పిళ్ల వేపపిండి. కోకోపీట్‌ను మాత్రం నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మళ్లీ పిండు. అందులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వేస్తే ఆకుల అంచులు మాడతాయి.

బెండకు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక రకం వెయ్యి. ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును తట్టుకోవాలని తీసిన రకం అది. రాత్రంతా నానబెట్టి, 2 సెంటీమీటర్ల లోతున బ్యాగుకు రెండు గింజలు పెట్టు. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకు, కత్తెరతో కత్తిరించు. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. 50 రోజులకల్లా కాయ తెగుతుంది. కొన్న గింజలు గులాబీ రంగులో ఉంటే అది తెగుళ్ల మందు. వంటింటి గిన్నెలో నానబెట్టకు, పాపకు అందనివ్వకు.

ఇక టమాటా, వంగ, మిర్చి నారు. ఇక్కడ కాస్త ఆగి చదువు. నా చేతిలో పోయిన నారంతా ఒకే తప్పుతో పోయింది, ఆ తప్పు నీళ్లు.

వారం తిరిగేసరికి టమాటా మొలకలు తలెత్తుతాయి. జంట ఆకులు చూడగానే చేతిలోకి చెంబు దానంతటదే వస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎండ మండిందని నడుమ ఇంకోసారి. ఒక తెల్లవారి చూస్తే ట్రేలో ఓ మూల మొలకలు పడుకుని ఉంటాయి. ఎండకు వాడాయనుకుని మళ్లీ పోస్తాం. అక్కడే కొంప మునుగుతుంది. చెంబు పక్కన పెట్టి, వంగి ఒక్క మొలక మెడ చూడు. మట్టికి ఆనిన చోట నీరూరినట్టు గోధుమరంగుకు తిరిగి, దారంలా నొక్కుకుపోయి ఉంటుంది. పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. ఇది ఎండదెబ్బ కాదు, నారుకుళ్లు. దీన్ని తెచ్చే పిథియం అనే బూజులాంటి జీవి తడిమట్టిలోని నీటిలో ఈదుకుంటూ పక్క మొలకకు చేరుతుంది. అందుకే ఒక మూల మొదలై చుట్టూ పాకుతుంది. పడ్డ మొలక మళ్లీ లేవదు.

కాబట్టి ప్రోట్రేలో, అదే నారు పెంచే గుంటల ట్రేలో, గుంటకొక గింజే వెయ్యి, అర సెంటీమీటరు లోతు చాలు. చిటికెడు తీసి చల్లితే గుంపులో గాలి ఆడదు. కిలో వర్మీకంపోస్ట్‌కు రెండు చెంచాల ట్రైకోడెర్మా పొడి కలిపి పెట్టు, అది కుళ్లును అడ్డుకునే మంచి బూజు. గింజలు వేశాక ట్రే మీద కాగితం కప్పితే, మొలక కనిపించిన పూటే తీసెయ్యి. నీళ్లు పొద్దున మాత్రమే, అదీ ముందు పైమట్టి వేలితో తాకి చూశాకే. వేలికి మట్టి అంటుకుంటే ఆ పూటకు వద్దు. పొడిగా ఉంటే ట్రేను పళ్లెంలో నీళ్ల మీద పది నిమిషాలు ఉంచి తీసెయ్యి, మెడలు తడవవు. ఒకవేళ ఓ మూల పడిపోతే ఆ గుంటల్ని మట్టితో సహా తీసి పారేసి, మిగతావాటికి లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు కలిపి ఒక్కసారి పొయ్యి. నాలుగైదు ఆకులొచ్చాక, 25 నుంచి 30 రోజులకు, సాయంత్రం పూట నాటు.

నీళ్లంటే గుర్తొచ్చింది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడితే 5000 రూపాయల జరిమానా అంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పట్టి పెట్టుకో. ఆర్వో వృథా నీళ్లలో లవణాలెక్కువ, నారుకు పొయ్యకు.

తోటకూర గింజ ఇసుకలో కలిపి చల్లడమే, నెలకు కూర. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, దోస, కాకర పొద్దున. మొదట్లో అన్నీ మగపూలే వస్తే నాకు ఫోన్ చేసి ఏడవకు, ఆడపూలు తర్వాత వస్తాయి. పూవు అడుగున బుల్లి కాయ కనిపిస్తే అది ఆడది. తేనెటీగలు రాకపోతే మగపువ్వు తెంచి దాని పుప్పొడి నువ్వే అద్దు.

నీ నడుము నొప్పి మర్చిపోలేదు. మట్టి బస్తాలు అల్లుడిగారు మొయ్యాలి, నువ్వు కాదు. ఆదివారం వచ్చేటప్పుడు కడిగిన పాల ప్యాకెట్లు ఓ ఇరవై తీసుకురా. నారు వాటిలోకి మార్చడం చూపిస్తాను. బెండ గింజలు పొట్లం కట్టి ఉంచాను.

మీ పెద్దమ్మ