అడుగు చూడకుండా వేలం పాట పాడకు

విజయనగరం

చిరంజీవి చిట్టితల్లిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

వేలంలో కొనవచ్చా అని అడుగుతూ నువ్వు పంపిన సందేశం, ఆ నాలుగు పాత వస్తువుల ఫోటోలు అందాయి. మీ ఇంటికి రాజపాళయం కుక్కపిల్ల వచ్చిన దగ్గర నుంచి కుక్కల బొమ్మలున్న పాత వస్తువుల మీదికి నీ మనసు మళ్లిందని మీ అమ్మ ముందే చెప్పింది. చాలా సంతోషించాను. తపాలా కౌంటరులో కూర్చున్న రోజుల నుంచీ నేను చేస్తున్న పనే ఇది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక గిరి గీసుకో. కనిపించిన కుక్కనల్లా కొంటే రెండేళ్లలో ఇల్లు సంతలా తయారవుతుంది, అందులో ఒక్క వస్తువు గురించీ నీకు పూర్తిగా తెలియదు. నేను ఒక్క నిప్పర్‌నే పట్టుకున్నాను. హెచ్‌ఎంవీ రికార్డుల మీద గ్రామఫోను గొట్టం ముందు తల వాల్చి వింటూ ఉంటుందే, ఆ టెర్రియర్. అది 1895లోనే చనిపోయింది. ఫ్రాన్సిస్ బరాడ్ ఆ తర్వాత దాని బొమ్మ గీశాడు. మొదట గీసింది గొట్టంలాంటి రికార్డులు తిరిగే వేరే యంత్రం. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ చిత్రం కొంటూ, దాని మీద తమ యంత్రాన్ని వేయించింది. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు మనది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ విన్న ఇళ్లలో ఆ కుక్క బొమ్మ కూడా ఉండేది. నేను దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

నీకు రాజపాళయం మీద మక్కువ కాబట్టి, 2005 జనవరిలో మన తపాలా శాఖ దేశీ జాతుల మీద తెచ్చిన నాలుగు బిళ్లలతో మొదలుపెట్టు: రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెల కాపరి కుక్క. రాజపాళయానిది 15 రూపాయల బిళ్ల, మిగతావి 5 రూపాయలవి. ముద్ర పడని బిళ్ల కొంటే వెనకవైపు ఫోటో తప్పక అడుగు. మన సముద్రపు గాలికి జిగురు పసుపు మచ్చలు పడుతుంది. ముందువైపు ఎంత చక్కగా ఉన్నా ఆ మచ్చలున్న బిళ్ల వద్దు.

ఇక నీ ఫోటోల సంగతి.

ఇత్తడి కుక్క వద్దు. పాతదని రాశారు గాని, కాళ్ల సందుల్లో కూడా మెరుస్తోంది. చేతులు తగిలేచోట ఒక రంగు, తగలనిచోట ఇంకో రంగు ఉండాలి. ఇత్తడి పనికి పేరున్న బుడితి మీ జిల్లాలోనే ఉంది కదా, ఒక ఆదివారం వెళ్లి పోత పోసిన వస్తువు అడుగు ఎలా ఉంటుందో, ఆకురాయి గీతలు ఎలా పడతాయో కళ్లారా చూసి రా. మెరిసే ఇత్తడి గొట్టంతో ఉన్న గ్రామఫోను అసలే వద్దు. పాత గుర్తు అంటించిన కొత్త యంత్రాలు మన దేశంలోనే బోలెడు తయారవుతున్నాయి.

మూడోది ఎనామెల్ బోర్డు. ఇలాంటిదాని దగ్గర నేనే ఒకసారి మోసపోయాను. 4,500 రూపాయలు పెట్టాను. ఇంటికి వచ్చాక తడిగుడ్డతో తుడిస్తే తుప్పంతా టీ రంగు నీళ్లలా గుడ్డకు అంటుకుంది. అసలు ఎనామెల్ అంటే ఇనుప రేకు మీద కొలిమిలో కరిగించిన గాజు పొర. పెచ్చు ఊడినచోటే తుప్పు పడుతుంది, ముందుగా మేకు బిగించిన రంధ్రాల చుట్టూ ఊడుతుంది. నా బోర్డుకు రంధ్రాలు నున్నగా ఉన్నాయి, తుప్పు మాత్రం మధ్యలో ఉంది. అరుగుదలకు ఒక కారణం ఉండాలమ్మా. అది కనిపించకపోతే అనుమానించు.

నాలుగోది, గ్రామఫోను సూదుల డబ్బా, నాకు బాగా నచ్చింది. ఇలాంటిదే ఒకటి ఇప్పుడు నా అరచేతిలో ఉంది. అగ్గిపెట్టెకు అటూఇటుగా ఉంటుంది, 200 సూదులు పట్టేది. రికార్డు ఒక వైపు తిరిగాక సూది మార్చాలనేవారు, అందుకే అన్ని సూదులు. నా డబ్బా మూత మీద నిప్పర్ చెవి దగ్గర రంగు పోయి రేకు కనబడుతోంది. తెరవడానికి ఎవరి బొటనవేలో ఏళ్ల తరబడి సరిగ్గా అక్కడే ఆనింది. నీ ఫోటోలో కూడా ఒక మూల అలాగే అరిగింది. అయితే డబ్బా అడుగుభాగం, మడతబందు అమ్మకందారు చూపించలేదు. ఆ రెండూ, లోపలివైపూ ఫోటోలు పెట్టమని మర్యాదగా అడుగు.

ధర విషయంలో అడుగుతున్న ధరలు చూసి భ్రమపడకు, అమ్ముడైన ధరలు చూడు. వాటిని బట్టి నీ అంకె కాగితం మీద రాసిపెట్టుకో. అందులోనే వేలం సంస్థ కమీషను, పన్ను, తపాలా ఖర్చు ఇమడాలి. విదేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం వస్తువు ధరకే కాదు, రవాణా ఖర్చును కూడా కలిపి లెక్కిస్తారు. సాధారణంగా ఈ వేలాల్లో గరిష్ఠ ధర నమోదు చేస్తే కంప్యూటరే నీ తరఫున మెట్టు మెట్టుగా పాడుతుంది. నువ్వు 1,500 రాసి, అవతలివారు 900 దగ్గర ఆగితే, 900 మీద ఒక్క మెట్టుకే వస్తువు నీదవుతుంది. కాబట్టి వారం ముందే పాడి పోటీ పెంచకు, చివరి అర నిమిషంలో ఒక్కసారే రాయి. చివర్లో పాట పడితే గడువు పెంచే సంస్థలూ ఉన్నాయి, అక్కడ ఈ ఎత్తు పారదు. నియమాలు ముందే చదువుకో. పాట పోతే పోనీ, ఆ కాగితం మీది అంకె మాత్రం దిద్దకు. వేలం బయట నేరుగా డబ్బు పంపితే తక్కువకు ఇస్తామంటే ససేమిరా ఒప్పుకోకు. తేడా వస్తే ఎవరినీ అడగలేవు.

పార్సిల్ నలిగి వచ్చినా, బరువు తగ్గినట్టనిపించినా సంతకం చేయకముందే ఓపెన్ డెలివరీ, అంటే తెచ్చినవారి ఎదుటే విప్పి చూసి తీసుకోవడం, అడుగు. విప్పుతున్నప్పుడు వీడియో తీసుకో.

ఇంకొకటి, ఇది మనసులో గట్టిగా పెట్టుకో. డబ్బా రాగానే మీ అమ్మ చింతపండు తీసుకుని వస్తుంది. ముట్టుకోనివ్వకు. బిందెలకు పనికొచ్చే చింతపండు పాత రేకు మీది రంగును తినేస్తుంది. పొడి మెత్తని గుడ్డ చాలు. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు.

డబ్బా వేలం ఆదివారం రాత్రి ముగుస్తుందన్నావు. శనివారం సాయంత్రంలోగా అడుగు ఫోటో వస్తే నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. రాకపోతే ఆ డబ్బా వదిలేయి, నా దగ్గరున్న రెండింటిలో ఒకటి నీకిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ